అమ్మా, గోలీ వేసుకున్నవా?

మా అత్తమ్మకు రోజుకు 7 గోలీలు. పొద్దున పరగడుపున థైరాయిడ్‌ది ఒకటి. టిఫిన్‌కు ముందు షుగర్‌ది ఒకటి. తిన్నాక బీపీకి ఒకటి, అది మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తుంది కాబట్టి అత్తమ్మ దానికి ‘నీళ్ల గోలీ’ అని పేరు పెట్టుకుంది. మధ్యాహ్నం కాల్షియం. రాత్రి అన్నం తిన్నాక మళ్లీ షుగర్‌ది, ఇంకో బీపీ గోలీ, కొలెస్ట్రాల్‌ది. నాకే ఈ లెక్క కంఠతా రావడానికి నెల పట్టింది. ఆమెకు 73 ఏళ్లు.

ధారూర్‌లో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మామయ్య పోయి నాలుగేళ్లు. మేం లింగంపల్లిలో ఉంటాం. రమ్మంటే వస్తుంది, పది రోజులు ఉంటుంది, పదకొండో రోజు పొద్దున్నే సంచి సర్దుకుంటుంది. ‘‘మీ ఫ్లాట్ల గాలి ఆడదు బిడ్డా, ముచ్చట పెట్టెతందుకు మనిషి దొరకదు’’ అంటుంది. అక్కడ కౌలుకిచ్చిన రెండెకరాల కంది చేను ఉంది, పొద్దున్నే వచ్చి కూర్చునే ఇరుగుపొరుగు ఉన్నారు, కోట్‌పల్లి ప్రాజెక్టు ఎంత నిండిందో ప్రతి వానకూ తెలుసుకోవాల్సిన అవసరం ఉంది. ఆమెను అక్కడినుంచి పీకి తెచ్చి ఇక్కడ నాటడం సరికాదని మేం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

కానీ గోలీల బాధ మాత్రం మాదే. పొద్దున నేను ఫోన్ చేసేదాన్ని, ‘‘గోలీలు వేసుకున్నరా అత్తమ్మా?’’ మధ్యాహ్నం ఆఫీసు నుంచి మా ఆయన, ‘‘అమ్మా, గోలీ వేసుకున్నవా?’’ రాత్రి మా ఆడపడుచు, అమెరికాలో డల్లాస్ నుంచి, అక్కడ తెల్లవారగానే అదే మాట. ఒకరోజు అత్తమ్మకు కోపం వచ్చింది. ‘‘మీ ముగ్గురికి ఇంక వేరే ముచ్చటే లేదా? నేను మనిషినా, గోలీల డబ్బానా?’’ అని ఫోన్ పెట్టేసింది. ఆ మాట మా ఆడపడుచుకు బాగా తగిలింది. వారం తిరక్కుండా వాళ్ల అబ్బాయి, అంటే మా మేనల్లుడు, ఆన్‌లైన్‌లో మూడు వస్తువులు మా ఇంటికి ఆర్డర్ పెట్టేశాడు. ‘‘అత్తా, ఇవి అమ్మమ్మ ఇంట్లో పెట్టించు. ఇక ఎవరూ అడగాల్సిన పని లేదు’’ అన్నాడు.

ఆ మూడూ ఏమిటో ముందు చెబుతాను. మొదటిది మాట్లాడే స్పీకర్. టైము పెడితే ఆ టైముకు గుర్తు చేస్తుంది. రెండోది స్మార్ట్ ప్లగ్. గోడ సాకెట్లో పెట్టి దానికి ఏ లైటో తగిలిస్తే, ఫోన్లో చెప్పిన టైముకు అదే వెలుగుతుంది, అదే ఆరుతుంది. మూడోది తలుపులకు పెట్టే చిన్న సెన్సర్. రెండు ముక్కలుంటుంది, ఒకదాంట్లో అయస్కాంతం. ముక్కలు విడిపోగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. దొంగల భయానికి తలుపుకు పెట్టుకునేది, మందుల డబ్బా మూతకు పెడితే డబ్బా ఎప్పుడు తెరిచారో తెలుస్తుంది. డబ్బా ప్లాస్టిక్‌దే తీసుకోండి, స్టీలు డబ్బాకు ఈ అయస్కాంతంతో పేచీ. స్పీకర్ ఒక్కటే కాస్త ఖరీదు, మిగతా రెండూ విడివిడిగా వెయ్యి రూపాయల లోపే వచ్చాయి.

ఆ డబ్బాలు పట్టుకుని నేను పిల్లల సెలవుల్లో ధారూర్ వెళ్లాను. కానీ మొదటి వారం ఏదీ బిగించలేదు. ఊరికే అత్తమ్మ పక్కన ఉండి, ఏ గోలీ ఎప్పుడు వేసుకుంటుందో, ఏది వదిలేస్తుందో చూశాను. గద్దించకుండా, గుర్తు చేయకుండా చూడడం చాలా కష్టం అనుకోండి. అయినా ఆ వారం రోజుల్లో తెలిసినంత మూడేళ్ల ఫోన్లలో తెలియలేదు.

థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట దాకా చాయ్ కూడా తాగకూడదు కదా. అత్తమ్మ ఐదింటికే లేస్తుంది. పాలాయన ఐదున్నరకు వస్తాడు. పాలు రాగానే చాయ్. పక్కింటి పెద్దమ్మ కూడా ఆ చాయ్ కోసమే వస్తుంది, ఇద్దరూ అరుగు మీద కూర్చుని తాగుతారు. గోలీ వేసుకుంటే ఆ చాయ్ ఆగాలి. అందుకని చాయ్ తాగాక, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటుంది. ఇది మతిమరుపు కాదు. పొద్దున్నే తోడుగా తాగే చాయ్‌ను వదులుకోలేకపోవడం.

నీళ్ల గోలీ మామూలు రోజుల్లో సరిగ్గానే వేసుకుంటుంది. వికారాబాద్‌కో తాండూరుకో బస్సెక్కే రోజు మాత్రం వేసుకోదు. పెళ్లికి వెళ్లే రోజు వేసుకోదు. ‘‘నడుమ ఎక్కడ దిగాలె బిడ్డా? బస్టాండుల ఆ బాత్రూములు జూసినవా?’’ అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మన ఆడవాళ్లలో ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లు ఎంతమందో మనకు తెలియనిదా?

షుగర్ గోలీ శనివారం వేసుకోదు. శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం దాకా ఏమీ తినదు కాబట్టి గోలీ మానేస్తుంది. చూస్తే తప్పులా కనిపిస్తుంది గానీ, ఇందులో ఆమె తెలివే ఉంది. షుగర్ గోలీల్లో కొన్ని, ఏమీ తినకుండా వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అత్తమ్మ వేసుకునేది అలాంటిదే. ఒకవేళ ఆ స్పీకర్ శనివారం పొద్దున ఎనిమిదింటికి ‘గోలీ వేసుకో’ అని చెప్పి, ఈమె చెప్పిన మాట విని ఉంటే? నాకు ఒళ్లు జలదరించింది.

కొలెస్ట్రాల్ గోలీ సంగతి వేరు. ‘‘నాకేం కొవ్వున్నది? ఎముకలే ఉన్నయ్’’ అని దాన్ని లెక్కలోకే తీసుకోదు. కాల్షియం మాత్రం ఏ రోజూ తప్పదు, మోకాళ్లకు మంచిదని నమ్మకం.

ఇక నిజంగా మరిచిపోయేది ఏమిటయ్యా అంటే, రాత్రి గోలీలు. అన్నం తిని సీరియల్ ముందు కూర్చుంటుంది, కూర్చున్నచోటే కునుకు పడుతుంది, లేచి వెళ్లి మంచం మీద పడుకుంటుంది. వారంలో మూడు రాత్రులు అలా అయింది. అవి మామూలు మతిమరుపు.

అంటే 7 గోలీల్లో మరిచిపోయేవి రాత్రివే. మిగతావాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఈ విషయం మీదే ఒక పెద్ద నివేదిక వేసింది. బాగా డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలం జబ్బులున్నవాళ్లలో డాక్టర్ చెప్పినట్టు మందులు వాడేవాళ్లు సగటున సగం మందేనట. తప్పంతా రోగిదే అనడం సరికాదని, మందు తీరు, ఇంటి పరిస్థితి, ఖర్చు, డాక్టర్ చెప్పే పద్ధతి అన్నీ కారణాలేనని అందులో రాశారు. ఆ నివేదిక చదవకపోయినా, మన ఇంట్లో పెద్దవాళ్ల పక్కన వారం రోజులు కూర్చుంటే అదే సంగతి తెలుస్తుంది.

కాబట్టి ముందు వికారాబాద్‌లో అత్తమ్మను చూసే డాక్టర్ దగ్గరికి, ఒక కాగితం మీద ఇవన్నీ రాసుకుని వెళ్లాం. ఆయన పది నిమిషాల్లో సగం ముడులు విప్పేశారు. నీళ్ల గోలీ ప్రయాణం రోజు ఏ టైముకు వేసుకోవచ్చో చెప్పారు. శనివారం షుగర్ గోలీ మధ్యాహ్నం తినబోయే ముందుకు మార్చారు. థైరాయిడ్ గోలీ లేవగానే, మొహం కడుక్కోక ముందే వేసుకోమన్నారు, పాలాయన వచ్చి చాయ్ మరిగేసరికి అరగంట దాటుతుంది. కాల్షియానికీ థైరాయిడ్‌కూ నడుమ నాలుగు గంటలైనా ఉండాలట, అది ఎలాగూ మధ్యాహ్నమే. కొలెస్ట్రాల్ గోలీ గుండె కోసం, రక్తనాళాల కోసం అని, ఒంటి మీది కొవ్వు కోసం కాదని బొమ్మ గీసి చూపించారు. ‘‘అట్ల జెప్పాలె గద మరి’’ అంది అత్తమ్మ. ఇవి మా అత్తమ్మకు చెప్పిన మాటలు, మీ ఇంట్లోవాళ్లకు వాళ్ల డాక్టరే చెప్పాలి. అడగడం మాత్రం మన పని.

ఆ తర్వాతే యంత్రాలు బిగించాం.

స్పీకర్‌కు తెలుగు రాదు. హిందీ పెట్టాం. మా అత్తమ్మది పుట్టిల్లు తాండూరు. చిన్నప్పుడు ఇంటి చుట్టూ ఉర్దూ మాట్లాడేవాళ్లే, అటు కన్నడ కూడా వినపడుతుంది. ఆమెకు హిందీ వినడం కష్టం కాలేదు. రాత్రి 8:30కు ‘దవాయి లేనా హై’ అని వినిపించగానే ‘‘లేతీ హూఁ అమ్మా, ఠైరో’’ అని జవాబు చెప్పేది. దానికి ‘డబ్బా పిల్ల’ అని పేరు పెట్టింది. పక్కింటి పెద్దమ్మ వస్తే ‘‘మా డబ్బా పిల్ల హిందీల మాట్లాడుతది’’ అని గొప్పగా చూపించేది. తెలుగు తప్ప మరేదీ రానివాళ్లకు ఇది పనికిరాదు. అలాంటివాళ్లకు మామూలు ఫోన్లోనే మనవరాలి గొంతుతో ‘నానమ్మా, గోలీ వేసుకో’ అని రికార్డు చేసి అలారం మోతగా పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు.

స్మార్ట్ ప్లగ్‌కు టీవీ పక్కన ఒక చిన్న ఎర్ర బల్బు తగిలించాం. 8:30కు వెలుగుతుంది, మందుల డబ్బా మూత తెరిస్తే ఆరిపోతుంది. సీరియల్ చూస్తూ కునుకు తీస్తున్నా కంటికి ఆ ఎరుపు తగులుతుంది. చెవి సరిగా వినపడని వాళ్లకు ఈ లైటు పద్ధతే మంచిది.

చిక్కులు లేకపోలేదు. వాన మొదలైతే కరెంటు పోతుంది, కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే డబ్బా పిల్ల మూగది. రూటర్‌కు చిన్న బ్యాకప్ బ్యాటరీ కొన్నాం. ఇంకో చిక్కు, పడుకునే ముందు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపడం అత్తమ్మకు 50 ఏళ్ల అలవాటు. గోడ మీద స్విచ్ ఆపేస్తే స్మార్ట్ ప్లగ్ ఎంత స్మార్ట్ అయితే ఏం లాభం? ఆ రెండు స్విచ్చుల మీద టేపు అంటించి, ‘ఇవి ఆపొద్దు’ అని రాశాం. ఇంకొక మాట, ఇలాంటి చిన్న పరికరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఎంత చేసినా కలవడం లేదంటే ముందు రూటర్‌లో అది చూసుకోండి.

మా ఆయన కెమెరా కూడా పెడదామన్నాడు. మింగుతుందో లేదో కంటితో చూడొచ్చని. అత్తమ్మ ఒకటే మాట అంది. ‘‘నా ఇంట్ల నామీదనే కన్ను వెడ్తవారా?’’ అంతే, ఆ ముచ్చట అక్కడితో ఆగింది. నేనూ ఆమె పక్కే. కొంగు సర్దుకోకుండా తిరిగే చోటు ఒక్కటైనా మనిషికి ఉండాలి. స్పీకర్ కూడా ఎవరో వింటున్నట్టు ఉందంటే, మైకు ఆపే బటన్ ఎక్కడుందో చూపించాను. చుట్టాలు వచ్చి ఇంటి ముచ్చట్లు మాట్లాడుకునేటప్పుడు నొక్కేస్తుంది.

ఇక ఆడవాళ్లందరం ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. డబ్బా తెరిచినట్టు మెసేజ్ ఎవరి ఫోన్‌కు రావాలి? మేనల్లుడు అడగకుండానే నా నంబర్ పెట్టబోయాడు. ‘‘మామయ్య నంబర్ పెట్టు నాన్నా’’ అన్నాను. ఇంట్లో ఎవరికి ఏ గోలీ, ఎవరికి ఏ టీకా, ఎవరికి ఏ పరీక్ష అన్నీ మన తలలోనే ఉంటాయి. కొత్త యంత్రం వచ్చిందంటే దాని కాపలా కూడా మనకే వస్తుంది. ఈసారి అలా కాకూడదనుకున్నాను. ఆ మెసేజ్ కొడుకు ఫోన్‌కే వెళ్లింది. మెసేజ్ రాని రోజు ఆయనే ఫోన్ చేయాల్సి వచ్చింది. చేసినవాడు ఊరికే పెట్టేయలేక ఇంకో రెండు మాటలు మాట్లాడాల్సి వచ్చింది.

రెండు నెలలు బాగా గడిచింది. రాత్రి 8:31, 8:33, 8:30. మెసేజ్ రాని రోజు లేదు. మా ఆయన తృప్తిగా చూపించేవాడు. ఆ నెల ఆశా కార్యకర్త వచ్చి బీపీ చూస్తే పై అంకె 170 దాటి ఉంది. మళ్లీ చూస్తే మళ్లీ అంతే. డబ్బా రోజూ తెరుచుకుంటోంది, బీపీ పెరుగుతోంది.

ఇద్దరం ఆదివారం పొద్దున రైలెక్కి వెళ్లాం. నేను ఏమీ అడగలేదు. అత్తమ్మ కాళ్లకు నూనె రాయడానికి కూర్చున్నాను. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది.

‘‘ఎప్పటిసంది అత్తమ్మా?’’

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, దేవుడి అలమారలోంచి పాత కాఫీ పొడి సీసా తెచ్చి నా ముందు పెట్టింది. దాన్నిండా చిన్న చిన్న తెల్ల గోలీలు. రాత్రి వేసుకునే బీపీ గోలీలు. అవి మొదలైనప్పటి నుంచి కాళ్లు ఉబ్బుతున్నాయని ఆమె పట్టేసింది. వాటిని మానేసింది. పారేయడానికి చేయి రాక, పైసలు పెట్టి కొన్నవి కదా, సీసాలో దాచింది.

‘‘మరి డబ్బా రోజూ తెరిచినవు కదమ్మా?’’ అన్నాడు మా ఆయన.

‘‘తెరువకపోతే నీకు మెసేజ్ రాదు గద బిడ్డా. నువ్వు ఆఫీసుకెంచి అలిసిపోయి వస్తవు, మెసేజ్ రాకపోతే ఫికర్ జేస్తవు. అందుకే రోజూ తెరుస్తున్న. మిగిలిన రెండు గోలీలు వేసుకుంటున్న, ఒట్టు.’’

మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చాడు.

ఆమె మమ్మల్ని మోసం చేయలేదు. మేం ఆమెను చూసుకుంటున్నాం అనుకుంటుంటే, ఆమె రోజూ 8:30కు లేచి వెళ్లి కొడుకు మనశ్శాంతిని చూసుకుంటోంది. కాళ్ల వాపు సంగతి ఎందుకు చెప్పలేదంటే, ‘‘చెప్తె మీరు పరుగెత్తుకొస్తరు, పిల్లల పరీక్షలున్నయ్’’ అంది. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ రకం బీపీ గోలీతో కొంతమందికి కాళ్లు ఉబ్బడం మామూలేనట, మందు మార్చారు. సొంతంగా మానేస్తే బీపీ పెరిగి పక్షవాతం దాకా పోవచ్చని, కాళ్లు వాస్తే వెంటనే వచ్చి చెప్పమని మెత్తగానే చెప్పారు. మూడు వారాల్లో వాపు తగ్గింది, బీపీ కూడా దిగింది.

ఇంటికొస్తూ దారిలో అత్తమ్మ వాళ్ల నాన్న సంగతి చెప్పింది. వికారాబాద్ నుంచి ధారూర్ వైపు వచ్చేటప్పుడు అనంతగిరి గుట్ట ఎక్కి దిగుతాం కదా. ఆ గుట్ట మీద నిజాం కాలం నుంచీ క్షయ దవాఖాన ఉంది. మంచి గాలి తగిలితే ఊపిరితిత్తులు బాగవుతాయని అడవిలో కట్టారు. అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ల నాన్న కొన్ని నెలలు అక్కడ ఉన్నాడట. ‘‘నర్సమ్మ గోలీ చేతుల వెట్టి, మింగేదాంక ఎదురుంగ నిలబడేదంట. మింగినంక నోరు తెరిచి సూపియ్యాలె. మా నాయన అదే ముచ్చట రోజూ జెప్పి నవ్వేటోడు’’ అంది.

క్షయ మందుల దగ్గర ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. మామూలు క్షయకు కూడా ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికవుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండికేస్తుంది. అందుకే ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించే ‘డాట్స్’ పద్ధతి పెట్టారు. రోజూ అలా వెళ్లి మింగడం కూలి పనికి పోయేవాళ్లకు కుదరదు కాబట్టి, మన దేశంలోనే ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పుట్టిన ‘99 డాట్స్’ అది. గోలీల షీటును ఒక అట్ట కవర్‌లో పెడతారు. గోలీ బయటికి నొక్కితే దాని వెనక దాగిన ఫోన్ నంబర్ కనిపిస్తుంది. ఆ నంబర్‌కు ఉచితంగా ఒక కాల్ కొడితే ఆ రోజు మందు వేసుకున్నట్టు లెక్క. ఏ నంబర్ వస్తుందో ముందే తెలియదు కాబట్టి గోలీ తీయకుండా కాల్ చేయలేరు. మామూలు డబ్బా ఫోన్ ఉన్నా చాలు. టైముకు మోగి, పచ్చలైటు వెలిగి, తెరిచినప్పుడల్లా లెక్క రాసుకునే మందుల పెట్టెలు కూడా క్షయ రోగులకు ఇచ్చి చూశారు.

అయితే చెన్నై, ముంబైలలో పరిశోధకులు రోగుల ఇళ్లకు వెళ్లి, మూత్ర పరీక్షతో ఈ 99 డాట్స్ లెక్కను పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఫోన్ లెక్కకూ, ఒంట్లో ఉన్న మందుకూ తేడా వచ్చింది. కొందరు మందు వేసుకుని కూడా కాల్ చేయలేదు. కాల్ చేసినవాళ్లలో కొందరి ఒంట్లో మందు లేదు. ఇది చదివినప్పుడు నాకు మా దేవుడి అలమారలోని కాఫీ పొడి సీసా గుర్తొచ్చింది. గోలీ షీటులోంచి బయటికి వచ్చిందని చెప్పగలిగే యంత్రాలున్నాయి. డబ్బా తెరిచారని చెప్పగలిగేవి ఉన్నాయి. ఆ తర్వాత చేతికీ నోటికీ నడుమ జరిగేది మాత్రం ఆ మనిషికే తెలుసు.

మా వికారాబాద్‌కు ఇంకో గొప్ప కూడా ఉంది. 2021 సెప్టెంబర్ 11న ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ అని డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం ఇక్కడే మొదలుపెట్టారు. వికారాబాద్ నుంచి గుట్టలూ అడవీ దాటుకుంటూ ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలకు మందుల పెట్టెలు ఎగిరి వెళ్లాయి. అంత దూరం ఆకాశంలో వచ్చిన మందు కూడా చివరికి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి ఒక పెద్దావిడ అరచేతిలోకి రావాలి. ఆ జానెడు దూరం అన్నిటికన్నా కష్టమైనదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

ఇంత చెప్పాక ‘మరి ఆ వస్తువులు తీసేశారా’ అని మీరు అడగొచ్చు. లేదు, ఉన్నాయి. ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. రాత్రి గోలీలు మరిచిపోవడం నిజంగానే ఆగింది. మరుపుకు యంత్రం మంచి మందు. కాకపోతే దాని నుంచి ఎంత ఆశించాలో ఇప్పుడు మాకు తెలుసు.

ఇలాంటివి పెట్టుకోవాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు చెబుతాను.

కొనేముందు ఒక వారం పక్కన ఉండి చూడండి. ఏ గోలీ మరిచిపోతున్నారు, ఏది కావాలని మానేస్తున్నారు, రెండూ వేరు వేరుగా రాసుకోండి. కావాలని మానేసేవాటికి అలారం పెట్టి లాభం లేదు, కారణం అడగాలి. అదీ పోలీసులా కాదు. కాళ్లకు నూనె రాస్తూనో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో అడిగితేనే జవాబు వస్తుంది.

షుగర్ గోలీకి రిమైండర్ పెట్టేటప్పుడు గడియారం ఒక్కటే చూడకండి, వాళ్లు తినే టైము చూడండి. ఒక్కపొద్దులు, ఉపవాసాలు, రంజాన్ నెల, జ్వరం వచ్చి తినని రోజులు, వీటన్నిటికీ ఏం చేయాలో ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోవద్దని పెద్దవాళ్లకు పదేపదే చెప్పండి. రిమైండర్ రెండోసారి మోగితే, ఇంతకుముందు వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే వారానికి సరిపడా పూటపూటకు అరలున్న డబ్బా ఉండాలి. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. ఇప్పుడు మా అత్తమ్మ డబ్బాను ఆదివారం ఆదివారం ఆమే నింపుకుంటుంది, పక్కింటి పెద్దమ్మ మనవరాలు చీటీ చదివి సరిచూస్తుంది. మెడికల్ షాపులో కంపెనీ మారి గోలీ రంగు, సైజు మారితే ఆ రోజే ఫోటో తీసి మా ఆయనకు పంపాలని నియమం పెట్టుకున్నాం. ‘తెల్లది పెద్దది’ అని గుర్తుపెట్టుకునేవాళ్లకు అది ఒక్కరాత్రిలో ‘పసుపుది చిన్నది’ అయితే గందరగోళమే.

బాగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ స్పీకర్లు, లైట్లు చాలవు. లైటు ఎందుకు వెలిగిందో వాళ్లకు తెలియదు, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక భయపడతారు కూడా. అక్కడ చేతికి గోలీ అందించే మనిషి కావాలి.

చివరిగా, ఆ మెసేజ్ మీ ఒక్కరి ఫోన్‌కే రానివ్వకండి.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ఫోన్లో గోలీ మాట ఎత్తకూడదని అందరం ఒప్పుకున్నాం. అది డబ్బా పిల్ల చూసుకుంటుంది. మేం అడగాల్సినవి వేరే ఉన్నాయి. కాళ్లు ఎలా ఉన్నాయి, నిద్ర పట్టిందా, కొత్త గోలీతో ఒంట్లో ఏమైనా తేడాగా ఉందా. ఇవి కూడా రోజూ కాదు. మిగతా రోజుల్లో కందికి పూత ఎలా పట్టింది, నవంబర్‌లో మెథడిస్ట్ జాతరకు ఈసారి ఎంత జనం వచ్చారు, పక్కింటి పెద్దమ్మ కోడలితో ఎందుకు అలిగింది, ఇవే ముచ్చట్లు. మొన్న రాత్రి మా ఆయన 40 నిమిషాలు మాట్లాడాడు వాళ్లమ్మతో. ఈయన అన్నేసి మాటలు మాట్లాడగలడని పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలియదు.

కాఫీ పొడి సీసా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాం. అత్తమ్మ అందులో మెంతులు పోసుకుంది.